ఓడిన సైన్యంలో కెప్టెన్

(కెప్టెన్ లక్ష్మీ సెహగల్ వర్ధంతి సందర్భంగా స్త్రీవైద్యుల సమావేశంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



వేదిక మీద పెట్టిన ఫొటో అందరూ చూస్తూనే ఉన్నారు. మిలిటరీ దుస్తులు, టోపీ, నిటారుగా నిలబడ్డ యువతి. ఆవిడ పేరుతో ఏ ఊళ్ళో సభ జరిగినా ఈ రకం ఫొటోయే పెడతారు. తప్పు పట్టను, కళ్ళు తిప్పుకోనివ్వని ఫొటో అది. కానీ కాస్త లెక్క వేసి చూడండి. లక్ష్మీ సెహగల్ 1914 అక్టోబరు 24న పుట్టారు, 2012 జులై 23న పోయారు. 97 ఏళ్ళు. అందులో ఆ దుస్తులు ఒంటి మీదున్నది 1943 నుంచి 1945 దాకా. 1938లో ఎంబీబీఎస్ పూర్తిచేసి చేతబట్టిన స్టెతస్కోపును మాత్రం 90 దాటాక కూడా పక్కన పెట్టలేదు. ఆ రెండేళ్ళకీ పూలదండ వేసి, ఈ డెబ్భై ఏళ్ళ గురించి ఒక్క వాక్యంలో "తరవాత పేదలకు సేవ చేశారు" అనేసి కూర్చోవడం మన సభలకు అలవాటైపోయింది. ఇవాళ నేను ఆ ఒక్క వాక్యం గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

ఇంకొకటి కూడా మనం పైకి అనని విషయం ఉంది. ఆవిడ కెప్టెన్‌గా పనిచేసిన సైన్యం, ఆజాద్ హింద్ ఫౌజ్, ఓడిపోయింది. గెలిచిన సైన్యంలో మాజీలకు పింఛనుంటుంది, క్యాంటీన్ ఉంటుంది, రిపబ్లిక్ డే నాడు కుర్చీ ఉంటుంది. ఓడిన సైన్యంలో నుంచి ముప్ఫై ఏళ్ళ వయసులో బయటికొచ్చిన మనిషి మిగతా 67 ఏళ్ళూ ఏం చేసుకుని బతకాలి?

ముందు ఇల్లు. తండ్రి ఎస్. స్వామినాథన్ మద్రాసు హైకోర్టులో పేరున్న క్రిమినల్ లాయరు. తల్లి అమ్ము స్వామినాథన్ది పాలక్కాడు వైపు ఆనక్కర. ఆవిడకు చిన్నతనంలోనే, తనకన్నా చాలా పెద్దవాడైన స్వామినాథన్‌తో పెళ్ళి. ఆయన బ్రాహ్మడు, ఆవిడ నాయర్ పిల్ల. బడి చదువు లేదు, ఇంట్లోనే నేర్చుకుంది. అలాంటి అమ్మాయి తరవాత రాజ్యాంగసభలో కూర్చుంది. ఆ సభలో ఉన్న 15 మంది ఆడవాళ్ళలో మన దుర్గాబాయమ్మా ఉంది, అమ్ము స్వామినాథన్ కూడా ఉంది, ఇద్దరూ మద్రాసు నుంచే. అమ్ము పెద్దకూతురు లక్ష్మి. చిన్నకూతురు మృణాళిని, నాట్యకళాకారిణి, విక్రమ్ సారాభాయ్ భార్య. ఆవిడ కూతురు మల్లిక సి.ఆర్. ఆచార్యులు గారి దగ్గర కూచిపూడి నేర్చుకుంది కాబట్టి ఆ ఇంటితో మనకు ఆ మాత్రం చుట్టరికం చెప్పుకోవచ్చు. అక్కాచెల్లెళ్ళిద్దరూ 97 ఏళ్ళ వయసులోనే పోయారు. ఆయుష్షు ఆ ఇంటి ఆడవాళ్ళ సొత్తు కాబోలు.

ఆనక్కరలో అమ్మమ్మగారింటి చుట్టూ అడవి, కొండలు. అక్కడుండే గిరిజనుల నీడ పడినా మైల అని అమ్మమ్మ నమ్మకం. లక్ష్మి ఒకరోజు ఆ పిల్లల్లో ఒకమ్మాయి దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, ఆటకు తీసుకొచ్చింది. అమ్మమ్మ అగ్గిమీద గుగ్గిలం. మనవరాలు తగ్గలేదు. పెద్దయ్యాక ఆవిడే చెప్పిన సంగతి ఇది. గొప్పవాళ్ళ బాల్యం నుంచి ఇలాంటి కథలు ఏరుకోవడం మీద నాకు మామూలుగా అనుమానమే. దీన్ని మాత్రం నమ్ముతాను. మన వృత్తిలో మొదటి పాఠం ముట్టుకోవడమే కదా! ముట్టుకోవడానికి జంకే డాక్టరు ఎంత చదివినా కాన్పు చెయ్యలేదు.

ఆ ఇంటికి ఒక హైదరాబాదు మనిషి కూడా వస్తూ ఉండేది. సరోజినీ నాయుడు చెల్లెలు సుహాసిని. నిజాం కాలేజీకి ఆద్యుడైన అఘోరనాథ్ చట్టోపాధ్యాయ గారి అమ్మాయి. జర్మనీలో చాలాకాలం ఉండొచ్చిన కమ్యూనిస్టు. సామ్యవాదం అనే మాట లక్ష్మి మొదట విన్నది ఆవిడ నోటే. ఆ సుహాసిని పెళ్ళాడిన ఎ.సి.ఎన్. నంబియార్, తరవాతి రోజుల్లో బెర్లిన్‌లో సుభాష్ చంద్రబోస్‌కు కుడిభుజంగా పనిచేశాడు. బోసు జలాంతర్గామిలో తూర్పుకు బయల్దేరినప్పుడు బెర్లిన్ కార్యాలయం ఆయన చేతుల్లోనే పెట్టాడు, వెంట మాత్రం మరో హైదరాబాదీని తీసుకెళ్ళాడు, ఆబిద్ హసన్‌ని. అటు రాజకీయం నేర్పిన మనిషీ, ఇటు నాయకుడి పక్కన కూర్చుని సముద్రం దాటిన మనిషీ ఇద్దరూ మూసీ ఒడ్డు వాళ్ళే. ఆ సంగతి ఇక్కడ ఎవరూ చెప్పుకోరు.

చదువు మద్రాసు మెడికల్ కాలేజీలో. ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1912లో పట్టా పుచ్చుకుని వచ్చిన గుమ్మం అది. లక్ష్మి చదివే రోజుల్లో అక్కడ ప్రసూతిశాస్త్రం అంటే ఎ. లక్ష్మణస్వామి మొదలియార్. మొదలియార్, మీనన్ పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగిన మా తరానికి ఆ పేరు చెప్పక్కర్లేదు, ఇక్కడున్న హౌస్ సర్జన్ పిల్లలు కూడా దాని కొత్త ప్రతులు చూసే ఉంటారు. ఎంబీబీఎస్ తరవాత ఏడాదికి స్త్రీవైద్యం, ప్రసూతిలో డిప్లొమా తీసుకున్నారు. ఈలోగా పి.కె.ఎన్. రావు అనే పైలట్‌తో పెళ్ళయింది, ఎక్కువకాలం నిలవలేదు. 1940లో సింగపూర్ వెళ్ళి అక్కడ క్లినిక్ తెరిచారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన దేశం నుంచి వలసపోయిన కూలీలు.

ఇక్కడ కాలక్రమం గమనించండి. బోసును కలవక ముందే, తుపాకీ ముట్టక ముందే, వలసకూలీల ఆడవాళ్ళకు పురుళ్ళు పోస్తున్న డాక్టరమ్మ ఆవిడ. యుద్ధం అయిపోయాక వైద్యంలోకి వచ్చిన సైనికురాలు కాదు. వైద్యం చేసుకుంటుండగా మధ్యలో యుద్ధం వచ్చి పడింది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపానువాళ్ళ వశమైంది. 1943 జులై 2న బోసు సింగపూర్లో దిగాడు. వచ్చిన వారంలోనే, ఆడవాళ్ళతో ఒక దళం కావాలని బహిరంగసభలో ప్రకటించాడు. లక్ష్మి ఆయన్ని కలిస్తే ఐదు గంటలు మాట్లాడుకున్నారు, బయటికి వచ్చేసరికి ఆ దళం పెట్టే బాధ్యత ఆవిడదయింది. చీరలు కట్టుకున్న ఇరవై మంది ఆడవాళ్ళ చేత బరువైన రైఫిళ్ళు పట్టించి బోసుకు గౌరవ వందనం ఇప్పించారు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది, అందులో ఒకే ఒక్క మహిళా మంత్రి లక్ష్మి. మర్నాడే ఝాన్సీరాణి దళం శిక్షణ శిబిరం తెరిచారు. చేరినవాళ్ళలో ఎక్కువమంది మలయా రబ్బరు తోటల ఆడపిల్లలు, ముఖ్యంగా తమిళులు. మన ఉత్తరాంధ్ర నుంచి కూలికి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు కూడా ఆ తోటల్లో ఉండేవి. చాలామంది పిల్లలు ఇండియా మొహం చూడనివాళ్ళు. ఎన్నడూ చూడని దేశం కోసం జుట్టు కత్తిరించుకుని పెరేడ్ చేశారు. ఆ దేశం బొమ్మ వాళ్ళ మనసులో ఎలా ఉండేదో నాకు ఊహకందదు.

ఇక్కడ ఒక మాట దాటవేస్తే ఉపన్యాసం అబద్ధమవుతుంది. ఆ రోజుల్లోనే, ఆ తోటల నుంచే, జపాను సైన్యం మగవాళ్ళను సయాం–బర్మా రైలుమార్గం వెయ్యడానికి పట్టుకుపోయింది. 415 కిలోమీటర్లు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు. ఆసియా కూలీలు పదులవేల్లో చచ్చిపోయారు. అన్న పట్టాల పక్కన రాలిపోతుంటే చెల్లెలు జపాను స్నేహహస్తం అందుకున్న సైన్యంలో కవాతు చేస్తున్న ఇళ్ళు ఉండకపోవు. ఆజాద్ హింద్ ఫౌజ్‌ను తలుచుకుంటే నాకు రోమాంచం అవుతుంది, ఈ రైలుమార్గం గుర్తొస్తే అది చప్పబడుతుంది. రెండూ నిజమే. శత్రువుకు శత్రువు మిత్రుడని బోసు వేసిన లెక్కను నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ లెక్కలో కూలీలు లేరు.

దళం 1944లో బర్మా చేరింది. మేమ్యోలో శిబిరం, ఆసుపత్రి. ఇంఫాల్ యుద్ధంలో ఓడి వెనక్కి వస్తున్న మనుషులు విరేచనాలతో, మలేరియాతో, పుళ్ళతో వచ్చి పడుతున్నారు. ఝాన్సీ దళం శత్రువు ఎదురుగా నిలబడి యుద్ధం చేసిందని సినిమాల్లో చూపిస్తారు. అక్కడ ఆ పిల్లలు చేసిన పనిలో ఎక్కువ పాలు నర్సుల పని. అది తక్కువ పని అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఒక్క రాత్రి విరేచనాల వార్డులో డ్యూటీ చేసి వచ్చి అప్పుడు మాట్లాడాలి. 1945లో అంతా కూలిపోయింది. ఆవిడ బ్రిటిషువాళ్ళకు దొరికారు, బర్మాలోనే నిర్బంధంలో ఉంచారు. 1946 మార్చిలో ఇండియాకు తెచ్చారు. అంతకు ముందే ఆజాద్ హింద్ అధికారుల మీద ఎర్రకోటలో పెట్టిన విచారణ ముగిసింది. అందులో ముద్దాయిల్లో ఒకరు ప్రేమ్ కుమార్ సెహగల్, లాహోర్ మనిషి. ఇద్దరికీ 1947 మార్చిలో లాహోర్‌లోనే పెళ్ళయింది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ ఊరు వేరే దేశమైపోయింది.

స్వతంత్రం వచ్చింది కదా, ఆజాద్ హింద్ వాళ్ళను సైన్యంలోకి తీసుకున్నారా? లేదు. స్వతంత్ర భారత సైన్యం వాళ్ళకు తలుపు తెరవలేదు. సైనిక క్రమశిక్షణ అనే కారణం చెప్పారు, దాంట్లో న్యాయం ఎంతో చరిత్రకారులు తేల్చుకుంటారు. ప్రేమ్ సెహగల్ కాన్పూర్‌లో మిల్లు ఉద్యోగానికి కుదురుకున్నారు. లక్ష్మి ఆయనతో కాన్పూర్ వచ్చారు. ఝాన్సీ లక్ష్మీబాయి చిన్నప్పుడు పెరిగిన బిఠూర్ ఆ పక్కనే. ఎవరూ కావాలని కుదిర్చింది కాదు, బతుకుతెరువు తెచ్చి అక్కడ పడేసింది.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యానికి వద్దాం.

దేశవిభజన శరణార్థులు కాన్పూర్‌లో దిగుతున్నారు. వాళ్ళలో నిండు చూలాళ్ళు ఉన్నారు, దారిలో చెరచబడ్డవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు వైద్యం చెయ్యడంతో మొదలైంది. తరవాత ఆర్యనగర్‌లో క్లినిక్. కాన్పూర్ అంటే నూలుమిల్లులు, తోళ్ళ కార్ఖానాలు, వాటి చుట్టూ ఇరుకు బస్తీలు. వచ్చేది ఆ బస్తీల ఆడవాళ్ళు. 1950ల్లో అక్కడ పురుడంటే ఏమిటో పిల్లలకు కాస్త చెప్పాలి. స్కానింగ్ లేదు. బిడ్డ అడ్డం తిరిగిందో, ఎదురుకాళ్ళో చెప్పాల్సింది పొట్టమీద పెట్టిన అరచెయ్యే. గుండె చప్పుడు వినడానికి గొట్టం. రక్తం కావాలంటే రక్తసంబంధీకుణ్ణి వెతుక్కోవాలి, వాడు మిల్లులో షిఫ్టులో ఉంటాడు. మంత్రసాని రెండు రోజులు చూసి, చెయ్యి దాటిపోయాక రిక్షాలో వేసి పంపిస్తుంది. గుర్రపువాతంతో కొట్టుకుంటూ వచ్చేవాళ్ళు, మాయ పడక తెల్లగా పాలిపోయి వచ్చేవాళ్ళు. అలాంటి కేసు ఒక్కటి తల్లినీ బిడ్డనూ దక్కించి పంపితే, మర్నాటికి ఆ బస్తీలో ఇంకో పదిమందికి ఆ గుమ్మం తెలుస్తుంది. పేదల డాక్టరు అనే పేరు పత్రికలు ఇచ్చేది కాదు. రాత్రి రెండు గంటలకు తలుపు కొడితే తీస్తారా లేదా అన్నదాని మీద బస్తీ ఇచ్చే పేరు.

పొద్దున్నే క్లినిక్‌కు వెళ్ళడం ఆవిడ 90 దాటాక కూడా మానలేదు. ఫీజు ఇవ్వగలిగినంత, లేకపోతే లేదు. ఇది త్యాగం అని మనం అంటాం. ఆవిడ అలా అనుకున్నట్టు లేదు. డబ్బు, ఆస్తి కూడబెట్టాలన్న కోరిక తనకు ఎన్నడూ లేదని చాలా మామూలుగా చెప్పుకున్నారు. కాన్పుకు ప్యాకేజీ కట్టే కాలంలో ఉన్న మనకు ఆ మాట వింటే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి.

1971. తూర్పు బెంగాల్ శరణార్థులు లక్షల్లో సరిహద్దు దాటుతున్నారు, డాక్టర్లు కావాలని జ్యోతిబసు పిలుపు ఇచ్చారు. మందులు, చందాలు పోగుచేసుకుని బన్‌గావ్ శిబిరానికి వెళ్ళి వారాల తరబడి పనిచేశారు. అప్పటికి 56 ఏళ్ళు. ఆ తరవాతే సీపీఎంలో చేరారు. ఇందులో ఒక చేదు ఉంది. యుద్ధకాలంలో కమ్యూనిస్టు పార్టీ పత్రిక బోసును జపానువాళ్ళ పెంపుడు కుక్కలా బొమ్మ వేసింది. ఆ బోసును ప్రాణంగా భావించిన మనిషి పాతికేళ్ళ తరవాత ఆ ఉద్యమపు కొమ్మలోనే చేరారు. పాత పగ మోసుకుంటూ తిరిగే మనిషయితే చేరలేరు. ఆ పార్టీతో నాకు తగాదాలున్నాయి, అవి ఈ వేదికకు అక్కర్లేదు. 1981లో మద్రాసులో పుట్టిన అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘానికీ ఆవిడ వ్యవస్థాపకుల్లో ఒకరు. కూతురు సుభాషిణీ అలీ 1989లో కాన్పూర్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

1984. ఇందిరాగాంధీ హత్య జరిగాక సిక్కుల మీద మూకలు పడ్డాయి. ఆవిడ వీధిలోకి వచ్చి నిలబడ్డారు. క్లినిక్ ఉన్న పేటలో ఒక్క సిక్కు ఇంటి మీద గానీ, దుకాణం మీద గానీ చెయ్యి పడనివ్వలేదు. డెబ్భై నిండిన ముసలావిడ! నన్నడిగితే ఆవిడ సైనిక జీవితంలో అసలైన యుద్ధం అదే. చేతిలో ఆయుధం లేదు. మూకలో సగంమంది ఆవిడ చేతిలో పుట్టినవాళ్ళయి ఉంటారని నాకో ఊహ, రుజువు అడక్కండి. నెల తిరిగిందో లేదో డిసెంబరు మొదటి వారంలో భోపాల్ విషవాయువు దుర్ఘటన. వైద్యబృందాన్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. అంతటితో వదిలెయ్యలేదు. ఆ విషవాయువు గర్భిణుల మీద చూపిన దీర్ఘకాలపు ప్రభావం గురించి కొన్నేళ్ళ తరవాత నివేదిక రాశారు. పిల్లలూ, దీన్ని ప్రత్యేకంగా గమనించండి. దుర్ఘటన జరిగిన వారంలో వెళ్ళేవాళ్ళు చాలామంది. కెమెరాలు వెళ్ళిపోయాక, గర్భస్రావాలు లెక్కపెట్టడానికి మళ్ళీ వెళ్ళేవాళ్ళు తక్కువ.

1998లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 2002లో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. అటు మన కంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌లో క్షిపణులు చేయించిన అబ్దుల్ కలాం, ఇటు వామపక్షాల తరఫున 87 ఏళ్ళ కెప్టెన్ లక్ష్మి. కలాంకు 9,22,884 ఓట్ల విలువ, ఆవిడకు 1,07,366. గెలవనని తెలిసే నిలబడ్డారు. ఓడిపోవడం ఆవిడకు కొత్త కాదు, ఓడిపోతే చేతులు ముడుచుకోవడం తెలియదు. ఆ తరవాత మళ్ళీ క్లినిక్.

సైన్యంలో ఆవిడకు తరవాత లెఫ్టినెంట్ కల్నల్ హోదా వచ్చింది, అయినా జనం నోట కెప్టెన్ అనే నిలిచింది. నాకు మాత్రం ఆ పేరు ముందు "డాక్టర్" అనకుండా ఒదిలెయ్యడం బాధగానే ఉంటుంది. నిర్వాహకులకు చిన్న విన్నపం: వచ్చే ఏడాది ఈ ఫొటో ఉంచండి, పక్కన ఇంకొకటి పెట్టండి. ముసలితనంలో తీసినవి బోలెడున్నాయి, తెల్లజుట్టు, నూలుచీర, నవ్వు మొహం. చూసిన పేషెంటుకు మా నాయనమ్మలా ఉందే అనిపించేది.

2012 జులైలో గుండెపోటు వచ్చింది. నాలుగు రోజులున్నారు. ఆవిడ కోరిక ప్రకారం దేహాన్ని కాన్పూర్ వైద్యకళాశాలకు ఇచ్చారు. దహనం, అస్థికలు, ఘాట్ ఏమీ లేవు. దేహదానం పత్రాల మీద సంతకం పెట్టాలని మనలో ఎందరమో అనుకుంటాం, ఏటా వాయిదా వేస్తాం. బయట బల్ల మీద ఆ ఫారాలు పెట్టించాను.

చివరగా నాకూ ఆవిడకూ పొసగని ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను. 1996లో బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగితే వ్యతిరేకించి అరెస్టయ్యారు, అప్పుడు 82 ఏళ్ళు. ఆడదాని ఒళ్ళును అమ్మకపు సరుకు చెయ్యొద్దని ఆవిడ వాదం. అది నాకు అర్థమవుతుంది. కానీ అదే వీధిలో, అదే రోజుల్లో, మన సంస్కృతి మంటగలిసిందంటూ ఆడపిల్ల గడప దాటకూడదనే బాపతు కూడా అరిచింది. రెండు గొంతులూ దూరం నుంచి ఒకలాగే వినపడ్డాయి. తన గొంతు వేరని జనానికి తెలిసేలా ఆవిడ ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సిందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తల అడ్డంగా ఊపుతున్నారు, చూశాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి, అక్కడ తేల్చుకుందాం.